ఎనిమిదిన్నరకు కొలిచిన వాన

మా మిద్దె మీద వాన గ్లాసు ఒకటి ఉంది. దాని అసలు పేరు వర్షమాపకం. ఆ పేరుతో పిలిచేది ఇంట్లో నేనొక్కదాన్నే, అదీ మనసులో. మా అత్తగారు వెంకటశేషమ్మ దాన్ని గ్లాసు అంటారు. మా ఆయన మాల్యాద్రి "నీ ఆఫీసు" అంటాడు. బీఎస్సీలో భౌతికశాస్త్రం చదివిన నాకు పెళ్లయ్యాక చేతికొచ్చిన మొదటి పరికరం ఇదే, ప్రెషర్ కుక్కరును పక్కన పెడితే.

'చినుకుల పట్టిక' అని ఇంటర్నెట్టులో ఒకటుంది. వానను కొలిచే ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా అందులో చేరవచ్చు. జీతం లేదు, సెలవు లేదు, అంటే నాకు బాగా అలవాటైన ఉద్యోగమే. రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు గ్లాసు చూసి, గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో ఎక్కించాలి. పడకపోతే సున్నా ఎక్కించాలి. మా నెల్లూరు తీరంలో ఏడాదికి మూడు వందల రోజులు సున్నాయే. సున్నా చూడటానికి రోజూ మెట్లెక్కి దిగే కోడల్ని మా అత్తగారు మొదటి ఆర్నెల్లు అనుమానంగా చూశారు, తర్వాత జాలిగా చూశారు, ఆ తర్వాత చూడటం మానేశారు.

మా ఇంట్లో టైముకు జరిగేవి రెండే. కరెంటు పోవడం, నేను మిద్దెక్కడం. ఆరువందల తొంభై ఒక్క రోజులు ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఆ పట్టికవాళ్ల పటంలో మా ఊరి దగ్గర ఆకుపచ్చ చుక్క, దాని మీద నా అంకె. లెక్క మీద అనుమానం వస్తే ఆ చుక్క పక్కన ప్రశ్నార్థకం పెడతారు. నా చుక్కకు ఒక్కసారీ పెట్టలేదు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆ సంగతి నాకు ఒంటి మీద నగలా ఉండేది.

కార్తీకమాసంలో వాన వచ్చింది. మంగళ, బుధవారాలు ఏదో తుంపర. గురువారం తెల్లవారుజామున మూడింటికి మొదలైంది అసలు వాన. ఎనిమిదిన్నరకు గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని మిద్దెక్కి కొలిచాను. యాభై ఎనిమిది పాయింట్ ఆరు. నీళ్లు పారబోసి, గ్లాసు మళ్లీ బిగించి, కిందికొచ్చి ఎక్కించాను. వాన మాత్రం నా కొలతతో నిమిత్తం లేకుండా సాయంత్రం అయిదు దాకా పడింది. శుక్రవారం ఎనిమిదిన్నరకు చూస్తే అరవై ఒకటి పాయింట్ రెండు. రెండూ కలిపితే పద్నాలుగు గంటల్లో నూట పంతొమ్మిది పాయింట్ ఎనిమిది. కానీ కలపడం నా పని కాదు.

ఊళ్లో నారుమళ్లన్నీ మునిగిపోయాయి.

శనివారం పొద్దున విజయభాస్కర్ వచ్చాడు. మా ఊరికీ కాలవ అవతలి ఊరికీ కలిపి వ్యవసాయం చూసే ఉద్యోగి. మోటారు సైకిలు మీద కూర్చునే, ఫోను నా వైపు తిప్పాడు.

"అక్కా, ఈ చుక్క మీదేనా?"

"నాదే."

"బతికించినారు. మండలాఫీసు ఆవరణలో ఉండే మిషను ఇరవై రెండు చూపిస్తా ఉంది. ఆడ వాన పళ్లేదు మరి. ఊళ్లో కొలిచిన లెక్క ఏదన్నా ఉంటే పట్టుకురా, మునిగిన నారుకు బదులుగా విత్తనాలు ఇప్పిస్తానన్నాడు మా సారు. ఒక్కరోజులో అరవై నాలుగున్నర దాటితే చాలు. భారీ వర్షం కింద రాసేస్తారు."

అతను ఫోనులో వేలితో వెనక్కీ ముందుకూ జరిపి చూసుకున్నాడు. ముఖం మెల్లగా దిగిపోయింది.

"ఇదేందక్కా. యాభై ఎనిమిదా? అరవై ఒకటా?"

"రెండూ ఒకే వాన. మధ్యలో ఎనిమిదిన్నర అయింది."

"అయితే అయింది, మీరెందుకు చూసినారు?"

ఆ రోజు నుంచి ఊళ్లో చాలామంది ఇదే ప్రశ్న అడిగారు. గంటకు ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు పడుతున్న వాన అది. కాగితం మీద లెక్క వేసుకున్నాను. గురువారం నలభై తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా మిద్దె ఎక్కి ఉంటే అరవై నాలుగున్నర అయ్యేది. ఇంటెడు పనీ ఆలస్యంగా చేస్తానని పదిహేనేళ్లుగా పేరు మోసినదాన్ని, ఆ ఒక్క పని మాత్రం టైముకు చేశాను.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. అన్నాళ్లూ గ్లాసు వైపు చూడని మా అత్తగారు దాని గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

"మూడు చుక్కలు ఎక్కువ రాస్తే చెయ్యి అరిగిపోతాదా?"

"మూడు చుక్కలు కాదత్తా, మూడు పాయింట్ మూడు మిల్లీమీటర్లు."

"చూసినావా, ఎంత తక్కువో నువ్వే చెప్తా ఉండావు."

మా ఆయనది రొయ్యల మేత దుకాణం. అతనికి అంకెలంటే సొంత పిలకాయల్లాంటివి, ఎటు లాగితే అటు వస్తాయి. "రౌండు చెయ్యి. అరవై ఒకటిని అరవై అయిదు చెయ్యడం ఎంతసేపు? నేను రోజూ అదే చేస్తా," అన్నాడు.

"ఆ సంగతి మీ దగ్గర మేత కొనేవాళ్లకు తెలుసా?"

"ఇప్పుడు వాళ్ల సంగతి ఎందుకు," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి పేపరు వెనక నుంచి, "ఎనిమిదిన్నరకి నాకు దోసె పొయ్యమంటే తొమ్మిదిన్నర చేస్తావు. ఆ రోజు కూడా దోసెలే పోసుంటే ఊరు బాగుపడేది," అని వినిపించింది.

అంకె మార్చే వీలు లేక కాదు. పట్టికలో 'సవరించు' అని మీట ఉంది. నొక్కితే 'సవరణకు కారణం' అని ఒక గడి వస్తుంది, కనీసం పది అక్షరాలు రాయాలి. ఆదివారం పొద్దున వంకాయలు తరుగుతూ నొక్కి చూశాను. 'ఊరివాళ్లు అడిగారు' అని రాస్తే పది అక్షరాలు వస్తాయో లేదో లెక్కపెట్టి, గడి మూసేసి, వంకాయల దగ్గరికి వచ్చాను.

వచ్చి అడిగినవాళ్లందరికీ ఏదో ఒకటి చెప్పి పంపగలిగాను, ఆదిశేషమ్మకు తప్ప. ఆమె రెండెకరాలు కౌలుకు చేస్తుంది. మనిషి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. అడగడానికి వచ్చినట్టు లేదు, తెలుసుకోవడానికి వచ్చినట్టుంది.

"ఇరవై రోజుల నారమ్మా. నీళ్లు తీసేలోపల కుళ్లిపోయింది. చేత్తో పడితే పేడ మాదిరి వస్తా ఉంది. ఈ వారంలో మళ్లీ చల్లుకుంటేనే ఈ కారు పంట దక్కేది. బయట యాడా ఇత్తనం దొరకలా. మండలంలో మిషనుకి కనపళ్లేదంటే అర్థం ఉండాది, అది దూరంగా ఉంది. నువ్వు ఈడనే ఉండావు గదా. నీ గ్లాసులో కూడా నా మడి మునగలేదా?"

"మునిగింది పిన్నమ్మా. రెండు రోజుల లెక్క కింద మునిగింది."

"మునిగింది ఒకే పొద్దులో గదమ్మా."

"ఒకే పొద్దులోనే."

"సరేలే. నీ పని నువ్వు చేసినావు," అని లేచి వెళ్లింది. తిట్టి ఉంటే ఆ పూట అన్నం సహించేది.

సోమవారం విజయభాస్కర్ మళ్లీ వచ్చాడు. ఈసారి మోటారు సైకిలు ఆపి, దిగి, కాఫీ అడిగి మరీ చెప్పాడు.

"పనైపోయిందక్కా. కాలవ అవతల హజరత్తయ్య గారు లేరూ, రిటైర్డ్ కండక్టరు. ఆయనకీ గ్లాసుంది. శుక్రవారం ఆయన లెక్క ఎంతో తెలుసా? నూట ముప్పై ఒకటి పాయింట్ నాలుగు. రెండూళ్లూ నా కిందనే కాబట్టి ఆ అంకె రెండింటికీ సరిపోతాది. మా సారు సంతకం పెట్టేసినాడు. గురువారం విత్తనాలు."

"నూట ముప్పై ఒకటా?"

"ఆయన గ్లాసు ఎట్టాంటిదో మరి," అన్నాడు. నా గ్లాసును తక్కువ చేసే ఉద్దేశం లేనట్టు కాఫీలోకి చూస్తూ అన్నాడు.

అతను వెళ్లగానే నా పుస్తకం తీశాను. మంగళవారం ఏడు పాయింట్ మూడు. బుధవారం నాలుగు పాయింట్ ఒకటి. గురువారం, శుక్రవారం సరేసరి. నాలుగు రోజులూ కలిపితే నూట ముప్పై ఒకటి పాయింట్ రెండు. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు గ్లాసులకు తేడా ఇసుమంత. హజరత్తయ్య గారు నాలుగు రోజుల వానను చక్కగా, పొల్లుపోకుండా కొలిచి, ఒక్క రోజు గడిలో వేశారు.

ఆ సాయంత్రమే పట్టికవాళ్ల మెయిలు వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. మీ పక్క ఊరి లెక్కకూ మీ లెక్కకూ సగానికి సగం తేడా ఉంది. ఉపగ్రహ చిత్రాలు కూడా ఆ సమయంలో మీ ప్రాంతంలో భారీ వర్షాన్నే చూపుతున్నాయి. మీ పరికరం వాలి ఉందా? పైన చెట్టుకొమ్మ అడ్డం ఉందా? కొలిచేటప్పుడు నీళ్లు ఒలికాయా? లేక పక్క ఊరి లెక్క కొన్ని రోజుల మొత్తం అని మీకు తెలిస్తే తెలియజేయండి, దాన్ని సవరిస్తాము. బుధవారం సాయంత్రం ఆరు గంటలలోగా జవాబు రాకపోతే మీ గురు, శుక్రవారాల లెక్కల పక్కన ప్రశ్నార్థకం ఉంచవలసి వస్తుంది.

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినప్పుడల్లా మా కిటికీ అద్దాలు గడగడలాడతాయి. అట్లా పైకి వెళ్లినవాటిలో ఏదో ఒకటి నా మీద సాక్ష్యం చెప్పిందన్నమాట.

మంగళవారం ఎండుచేపలు కొనే వంకతో కాలవ దాటి వెళ్లాను. హజరత్తయ్య గారు వాకిట్లో పడక కుర్చీలో ఉన్నారు. గ్లాసు గోడ మీద ఉంది, ఎత్తూ వాలూ ఏ వంకా పెట్టలేనంత బాగా బిగించారు.

"రామ్మాయ్. వాన సంగతేనా?"

"చేపల కోసం వచ్చాను బాబాయ్. ఎట్లాగూ వచ్చాను కాబట్టి అడుగుతున్నా. ఆ నూట ముప్పై ఒకటి ఒక్కరోజుదేనా?"

"వానకి రోజులేందమ్మాయ్? పడింది, కొలిచినా."

"రోజూ ఎనిమిదిన్నరకు చూడమన్నారు కదా."

"అది కొత్తోళ్లకి. ముప్పై మూడేళ్లు బస్సులో చేసినా నేను. స్టేజీ స్టేజీకీ కూర్చుని రాస్తా ఉంటే బస్సు కదలదు. జనాన్ని ఎక్కించుకుంటా పోవాల, చివర్లో ఒకేసారి తేల్చాల. ఒక్కనాడు తేడా రాలా."

"కింద ఇంకో గడి ఉంటుంది చూడండి, ఇది ఎన్ని రోజుల వాన అని."

"ఉండాది. దాంట్లో ఒకటి అని దానంతటదే వచ్చి కూర్చోనుంది. వచ్చినదాన్ని నేనెందుకు కెలకాల?"

"మీకు మెయిలేమన్నా వచ్చిందా?"

"మెయిలు మా అల్లుడి ఫోనులో ఉంటాది. అతనికి తడ ఊళ్లో కంపెనీలో పని. పండక్కి వస్తే చూస్తాం." అని కాస్త ముందుకు వంగారు. "నీది తక్కువొచ్చిందంట గదా. మిద్దె మీద పెడితే అంతేనమ్మాయ్. గాలికి పోతాది."

చేపలు కొనుక్కుని వచ్చేశాను.

దారిలో విజయభాస్కర్ ఎదురుపడితే, మాటవరసకు అన్నట్టు అడిగాను. "ఒకవేళ ఆ అంకె నాలుగు రోజులదని తేలితే ఏమవుతుంది?"

అతను మోటారు సైకిలు ఆపేశాడు. దారికి అటూ ఇటూ చూశాడు. "మీరు నన్నేమీ అడగలేదు, నేనేమీ వినలేదక్కా. గురువారం పొద్దున పటం కొత్తగా ప్రింటు తీసి ఫైల్లో పెట్టినాకే బస్తాలు దించుతారు. అప్పటికి నూట ముప్పై ఒకటి ఆడనే ఉండాల. అంతవరకే నాకు తెలుసు."

బుధవారం మధ్యాహ్నం జవాబు రాశాను. మంచి జవాబు. నా గ్లాసు వాలి లేదు, కొమ్మ అడ్డం లేదు, నీళ్లు ఒలకలేదు, పక్క ఊరి లెక్క నాలుగు రోజుల మొత్తం, ఇవిగో నా నాలుగు అంకెలు. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. ఇంత బాగా నేను డిగ్రీ పరీక్షల్లో కూడా రాయలేదు. పంపడమే తరువాయి. పంపకుండా బట్టలు తీయడానికి మిద్దెక్కాను.

అక్కడి నుంచి ఆదిశేషమ్మ పొలం కనిపిస్తుంది. కుళ్లిన నారంతా ఎత్తి గట్టు మీద కుప్ప పోసింది. మోకాళ్ల లోతు బురదలో మడి మళ్లీ దమ్ము చేసి, పలక ఈడ్చి చదును చేస్తోంది. విత్తనాలు ఇంకా మండలంలో గోదాము దాటలేదు. ఆమె మడి అప్పటికే చల్లకానికి సిద్ధంగా ఉంది.

బట్టలు మడత పెట్టాను. మామూలుగా రెండు మడతలు పెట్టే తువ్వాళ్లను ఆ రోజు నాలుగు పెట్టాను. కందిపప్పు ఏరాను, అందులో రాళ్లేమీ లేవు. అయిదున్నరకు కాఫీ పెట్టాను. మా అత్తగారు గడియారం చూసి, "ఈ రోజు కాఫీ టైముకే వచ్చిందే," అన్నారు. ఆరు అయింది. ఆరూ అయిదు అయింది. ఫోను తీసి చూస్తే జవాబు రాసినచోటే ఉంది. పటం తెరిచాను. నా చుక్క పక్కన, గురువారానికొకటి, శుక్రవారానికొకటి, రెండు ప్రశ్నార్థకాలు. చేపలకు వేసే గాలాల్లా ఉన్నాయి. కాలవ అవతల నూట ముప్పై ఒకటి పాయింట్ నాలుగు ఏ మచ్చా లేకుండా వెలుగుతోంది.

ఆరువందల తొంభై ఏడో రోజున, అంటే గురువారం, ఎనిమిదిన్నరకు సున్నా ఎక్కించి కిందికి దిగేసరికి విత్తనాల లారీ ఊళ్లోకి వచ్చింది.

తర్వాత జరిగినది నేను ఊహించనిది కాదు. అయినా జరిగేటప్పుడు వినడం వేరు. పటంలో నా పక్కన ప్రశ్నార్థకాలు పెట్టారని విజయభాస్కర్ ఎవరితోనో అన్నాడు. అది ఊరు తిరిగి, మా ఇంటికి వచ్చేసరికి, నా గ్లాసు పనికిరాదని పైనుంచి కాగితం వచ్చిందని అయింది. మా అత్తగారు పక్కింటావిడతో, "నేను మొదట్నించీ చెప్తానే ఉండా. ఆ ప్లాస్టిక్కు గ్లాసుకి వాన ఏం తెలుస్తాది?" అనడం వంటింట్లోకి వినిపించింది. శనివారం నాడు మూడు చుక్కలు ఎక్కువ రాయమన్నది ఆ గ్లాసులోనే.

మా ఆయన మాత్రం నా పక్షం. "పోనీలే, నేర్చుకుంటే వస్తుంది," అని, నాతో చెప్పకుండా హజరత్తయ్య గారికి ఫోను చేశాడు.

లారీ వచ్చిన పది రోజులకు, ఆదివారం నాడు, ఆయన వచ్చారు. కండక్టరుగా ఉన్నప్పటి చిల్లర సంచీ భుజానికి తగిలించుకుని వచ్చారు, అందులో ఒక టేపు, ఒక దారం ఉన్నాయి. మిద్దెక్కి గ్లాసు చుట్టూ రెండుసార్లు తిరిగారు. టేపు పెట్టి కొలిచారు. ఏం కొలిచారో నాకు తెలియలేదు, ఆయనకు తెలిసి ఉండాలి. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అత్తగారు మెట్ల మీద కూర్చుని విన్నారు.

"రోజుకి ఎన్నిసార్లు చూస్తావమ్మాయ్?"

"ఒకసారి బాబాయ్. ఎనిమిదిన్నరకు."

"రోజూనా?"

"రోజూ."

ఆయన మా ఆయన వైపు చూసి తలాడించారు, రోగం తెలిసిపోయిన డాక్టరులాగా. "అదీ సంగతి. పొద్దస్తమానం పారబోస్తా ఉంటే గ్లాసులో నీళ్లెట్టా నిలబడతాయి? నాలుగు రోజులు కదిలించబాక. అప్పుడు చూడు, అంకె దానంతటదే నిండుగా వస్తాది."

"విన్నావా?" అన్నారు అత్తగారు.

"విన్నానత్తా."

"చదువుకున్న పిల్ల, పట్టుకుంటాది లెండి," అన్నారు హజరత్తయ్య గారు పెద్దమనసుతో. కాఫీ తాగి, గ్లాసు బాగుందని మెచ్చుకున్నారు. నేను చక్కెర ఇంకో చెంచా వేసి ఇచ్చిన విషయం ఆయన గమనించలేదు. ఆయనకు షుగరు లేదని ముందే కనుక్కున్నాను.

ఆయనను గేటు దాకా సాగనంపి నిలబడ్డాను. ఆదిశేషమ్మ పొలం నుంచి వస్తోంది. మోచేతుల దాకా ఎండిన బురద, నెత్తిన ఖాళీ తట్ట. నన్ను చూసి ఆగింది.

"మొలక బాగా వచ్చిందమ్మా. ఈ పొద్దు నీళ్లు తీసేసినా. పచ్చగా కనపడతా ఉండాది."

"మంచిది పిన్నమ్మా."

ఆమె తట్ట దించి, గొంతు తగ్గించింది, నలుగురిలో అనకూడని మాటలాగా.

"ఊళ్లోవాళ్లు నీ గ్లాసు గురించి ఏందేందో అంటా ఉండారు. నువ్వు దిగులుపడబాక. నేను కొత్తలో నాట్లకి పోయినప్పుడు వంకరటింకరగా నాటేదాన్ని, గట్టు మీద నిలబడి అందరూ నవ్వేవాళ్లు. నాలుగు కయ్యలు నాటినాక చెయ్యి కుదిరింది. నీకూ కుదురుతాది."

"కుదురుతుందిలే పిన్నమ్మా," అన్నాను.